ఆరో గుండు ఎటు పోయింది

మా ఆయన్ని ఊళ్ళో సగం మంది ఆరోగుండు అంటారు. వినగానే ఎవరో పేరుమోసిన రౌడీ అనుకునేరు. కుట్టుమిషన్లు బాగుచేసుకునే మనిషి. బొద్దింకను చంపమంటే చీపురు నా చేతికిచ్చి గదిలోంచి బయటికి వెళ్ళిపోతారు. అలాంటి మనిషికి ఆ పేరెలా వచ్చిందో చెప్తాను. ఆ పేరు ఆయన్ని ఎంత కాల్చుకు తిన్నదో కూడా చెప్తాను. ఇన్నాళ్ళూ చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇప్పుడు వస్తోంది.

మా కొట్టంటే ఇంటి ముందు గదే. గోడ పొడుగునా మేకులు, మేకులకి బెల్టులు. బల్ల మీద నూనెడబ్బా, సన్న బ్రష్షు, మూతల్లేని సీసాల్లో మరలు. బల్ల కింద దర్జీలు తెచ్చి పడేసిన మిషన్ల తలకాయలు. ఆయన మిషన్ చక్రం చేత్తో మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తారు. ఆ చేతులు చూసే మా నాన్న నన్నిచ్చాడు. "మాట తక్కువైనా చెయ్యి నిలకడైన మనిషమ్మా" అన్నాడు. మాట తక్కువన్నది ఎంత నిజమో కాపురానికి వచ్చాక తెలిసింది. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతే ఆయన దగ్గర్నుంచి వచ్చేది ఒక్క "ఊఁ". మాటలన్నీ నా వాటాకే వదిలేశారని సరిపెట్టుకున్నాను.

మా అన్నయ్య సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. రోజంతా సీసపు అక్షరాల ముందు నోరు మూసుకుని నిలబడ్డదంతా సాయంత్రం మా ఇంటికొచ్చి తీర్చుకునేవాడు. అతనికి షూటింగ్ క్లబ్బు పిచ్చి. క్లబ్బంటే మేడలూ మిద్దెలూ అనుకోవద్దు. ఊరి చివర ఓ రేకుల షెడ్డు, దాని ముందు గడ్డినేల, అవతలి కొసన మట్టికట్ట, కట్ట ముందు అట్టలు బిగించే చట్రాలు, అంతే. ఒకసారి క్లబ్బు రివాల్వర్‌లో స్ప్రింగ్ విరిగింది. దాన్ని ఎవరు చేస్తారా అని అందరూ తలలు పట్టుకుంటే, అన్నయ్య మా ఆయన్ని లాక్కుపోయాడు. ఆయన పాత మిషన్ స్ప్రింగ్ ఒకటి అరగదీసి అందులో అమర్చారు. సరిగ్గా ఉందో లేదో నువ్వే కాల్చి చూడు బావా అని అన్నయ్య ఆయన చేతిలో పెట్టాడు. అది మొదలు.

కుడిచెయ్యి బారుగా చాచడం, ఎడంచెయ్యి జేబులో పెట్టుకోవడం, ఊపిరి సగం వదిలి ఆపడం, అన్నీ అన్నయ్యే నేర్పాడు. కొన్నాళ్ళకి గురువుని మించిన శిష్యుడయ్యాడని క్లబ్బులో చెప్పుకునేవాళ్ళు. అన్నయ్య కూడా కాలరెగరేసుకుని "మా బావ" అనేవాడు. ఆ ఏడు పెద్ద పోటీ వచ్చింది. అందరూ కాల్చాల్సింది అదే రివాల్వర్‌తో, అదే దూరం నుంచి, ఆరేసి గుండ్లు. చివరికి మిగిలింది బావాబావమరుదులిద్దరే. అన్నయ్య ముందు కాల్చాడు. ఆరు చిల్లులు, అన్నీ నల్లచుక్క చుట్టూ. తర్వాత ఈయన కాల్చారు.

అట్ట తెచ్చి చూస్తే చిల్లులు ఐదే ఉన్నాయి.

నాలుగు చిల్లులు నడిమధ్యన ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. ఒకటి మాత్రం కుడిపక్కకి, కాస్త కిందగా, విడిగా ఉంది. ఆరోది లేదు. అట్టలు చూసి లెక్క చెప్పే పెద్దాయన ఆ విడి చిల్లుని భూతద్దంతో తెగ చూసి, ఇందులోంచి రెండు వెళ్ళాయి అన్నాడు. ఇంకొకాయన అదేం కాదు, కాగితం చిరిగిందంతే, ఆరో గుండు అట్టకే తగల్లేదు అన్నాడు. ఆరోది తగిలితే కప్పు మా ఆయనది, తగలకపోతే అన్నయ్యది. అరుచుకున్నారు, కుర్చీలు జరుపుకున్నారు. చివరికి లెక్క చెప్పే పెద్దాయన మాటే నెగ్గింది. కప్పు తెచ్చి మా ఆయన చేతిలో పెట్టారు. నేను షెడ్డు బయట నిలబడి చప్పట్లు కొట్టాను. అన్నయ్య కూడా కొట్టాడు.

ఆ రోజు తర్వాత ఆయన మళ్ళీ రివాల్వర్ ముట్టలేదు. కళ్ళు లాగుతున్నాయన్నారు. కళ్ళు లాగే మనిషి సూదిబెజ్జంలోకి దారం మొదటిసారికే ఎక్కిస్తారా? నాకు అనుమానం వచ్చింది గానీ, పోనీలే, చప్పుళ్ళు తగ్గాయి అనుకుని ఊరుకున్నాను.

ఊరుకోనిది మా అన్నయ్య. ఇంటికి నలుగురు వస్తే చాలు, బల్ల మీద నీళ్ళ చెయ్యి పెట్టి చుక్కలు గీసేవాడు. నడిమధ్యన నాలుగు, కుడిపక్కన కిందగా ఒకటి. గీసి, "మరి ఆరోది ఏ ఊరు పోయింది బావా? ఉత్తరం ముక్కైనా రాసిందా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నోటినుంచే ఊళ్ళోకి ఆరోగుండు అన్న పేరు పాకింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, అలా అయ్యేది ఈయన పని. ఒక్కసారైనా కోపం తెచ్చుకుంటే నా ప్రాణం సుఖపడేది. అదీ లేదు. తేలు కుట్టిన దొంగలా కూచునేవారు.

పైగా అన్నయ్య ఏమంటే అది. మా రెండిళ్ళకీ మధ్య గోడ కట్టేటప్పుడు అన్నయ్య కొలతాడు మా వైపుకి జరిపితే, "పోనీలే, ఆయనకి వెలుతురు కావాలి కదా" అన్నారు. వెలుతురు మాకక్కర్లేదా? మా వంటగది కిటికీ ఇప్పటికీ గోడ మొహం చూస్తూ ఉంటుంది. అన్నయ్య కుర్చీ అడిగితే కుర్చీ, సైకిలడిగితే సైకిలు. మా పుట్టింటివాళ్ళని ఇంత నెత్తిన పెట్టుకునే మొగుడు దొరికాడని మా పిన్నమ్మలు మురిసిపోయేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. భక్తికైనా ఓ హద్దుండొద్దూ?

అసలు సంగతి ఒక మధ్యాహ్నం బయటపడింది. ఆయన నా మిషన్‌కి నూనె వేస్తున్నారు, నేను గోడ సంగతెత్తి ఉతికి ఆరేస్తున్నాను. ఉన్నట్టుండి నూనెడబ్బా కింద పెట్టి, "ఆ కప్పు మీ అన్నయ్యది" అన్నారు.

"ఏంటి?"

"ఆరోది నొక్కేటప్పుడు నా చెయ్యి కదిలింది. నాకు తెలుసు. అది అట్టకి తగిలుండదు."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదా?"

"చెప్దామనుకునే లోపే చేతిలో పెట్టేశారు. నువ్వు చప్పట్లు కొడుతున్నావు. తర్వాత చెప్దామనుకున్నా. తర్వాత ఇంక చెప్పలేకపోయా."

అంతే, మళ్ళీ నూనెడబ్బా తీసుకున్నారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ మనిషి ఇన్నేళ్ళూ గోడలూ కుర్చీలూ ఇచ్చి ఏదో తీర్చుకుంటున్నాడన్నమాట. దొంగతనం చేశానో లేదో తనకే తెలీదు. శిక్ష మాత్రం రోజూ తనే వేసుకుంటున్నాడు. ఆ కప్పు అటక మీద గుడ్డలో చుట్టి ఎందుకుందో కూడా అప్పుడే అర్థమైంది. ఆయన మీద కోపం, అన్నయ్య మీద కోపం, ఆ రివాల్వర్ మీద అన్నిటికన్నా కోపం వచ్చాయి. ఎవరికీ చెప్పనని నాచేత మాట తీసుకున్నారు. నోరు కట్టేసుకోవడం నాకెంత కష్టమో నన్నెరిగిన వాళ్ళకి తెలుసు.

తేల్చుకుందామన్నా దారి లేదు. ఆ అట్టని క్లబ్బు గోడకి తగిలిస్తే చెదలు తినేశాయి. లెక్క చెప్పిన పెద్దాయన కాలం చేశాడు.

ఇలా ఉండగా మొన్నామధ్య క్లబ్బుకి కొత్త కోచ్ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పెద్ద పెద్ద పోటీల్లో కాల్చి వచ్చిన పిల్ల. నడకలో కూడా తొణుకూ బెణుకూ ఉండదు. షెడ్డు బాగుచేయించింది, అట్టల చోట యంత్రాలు పెట్టించింది. గుండు ఎక్కడ పడిందో చప్పుడునిబట్టి అవే కనిపెట్టి, కాల్చేవాళ్ళ పక్కన తెర మీద చుక్క చూపిస్తాయట. పాత విజేతల పలకకీ రంగు వేయించింది. అక్కడే వచ్చింది చిక్కు. ఆ పలక మీద మా ఆయన లెక్క చూసి కొత్తవాళ్ళు నవ్వారట. ఆ కాలపు రివాల్వర్‌తో, ఆ బండ ట్రిగ్గర్‌తో, ఒంటిచేత్తో ఇంత లెక్కా, ఇదంతా తాతల నాటి నేతి కబుర్లే అన్నారట.

కోచ్ తిన్నగా మా కొట్టుకే వచ్చింది. స్టూలు లాక్కుని కూచుంది.

"బాబాయిగారూ, క్లబ్బులో పాత ఆయుధాల రోజు పెడుతున్నాం. మీరు కాల్చిన రివాల్వరే బీరువాలో ఇంకా బాగుంది. అదే దూరం, అదే అట్ట. మావాళ్ళు కాలుస్తారు. ఆ తర్వాత రివాల్వర్‌ని ఇనుప పట్టులో బిగించి కూడా కాల్చి చూస్తాం. అప్పుడు చేతితో పని లేకుండా దాని సత్తా ఏంటో తెలిసిపోతుంది. మీరు రావాలి."

ఆయన చేతిలో ఉన్న మర జారి బల్ల కిందికి దొర్లింది. వెతకడానికి వంగిన మనిషి ఎంతసేపటికీ లేవలేదు.

నాకు మాత్రం నోరు లేచింది. "మా ఆయన మానాన ఆయన మిషన్లు బాగుచేసుకుంటున్నారు. ఉన్న ఎగతాళి చాలదా? ఇనుప పట్టులో మీ మొగుణ్ణి బిగించుకోమ్మా, మా జోలికి రాకు" అన్నాను.

ఆ పిల్ల కొంచెం కూడా నొచ్చుకోలేదు. "నాకింకా పెళ్ళి కాలేదు పిన్నిగారూ. ఇంతకీ నేను ఎగతాళి చేయడానికి రాలేదు. ఆ లెక్క నిజమని నాకనిపిస్తోంది. ఆ కాలం వాళ్ళు మనకంటే తక్కువేం కాల్చలేదు. మావాళ్ళకది కళ్ళతో చూపించాలి" అంది.

నిజం కాకపోతేనో? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఎక్కణ్ణుంచి విన్నాడో, అన్నయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "ఇంకేం బావా, తాడో పేడో తేలిపోతుంది. నేనూ వస్తా" అన్నాడు.

బల్ల కిందనుంచి ఆయన లేచారు. "సరే, వస్తాం" అన్నారు.

ఆ ఆదివారం పొద్దున్న నేను తలదువ్వుకుంటుంటే అటక మీదనుంచి కప్పు దించారు. మిషన్లు తుడిచే గుడ్డతో దాన్ని తోమారు. సంచిలో పెట్టి నా చేతికిచ్చారు.

"ఇదెందుకు?"

"ఇవ్వాళ తేలిపోతుందిగా. అక్కడే మీ అన్నయ్యకి ఇచ్చేస్తా. అందరి ముందూ ఇస్తేనే బాగుంటుంది."

"మీరేం ఇవ్వక్కర్లేదు. ఒంట్లో బాగాలేదని చెప్తాను, ఇంట్లో ఉండండి."

"లేదు" అన్నారు. "చాలా ఏళ్ళయింది, ఇంక నావల్ల కాదు."

నాకు ఏడుపొచ్చింది. దారిపొడుగునా ఆ సంచి మోస్తూ కనపడ్డ దేవుళ్ళకీ కనపడని దేవుళ్ళకీ దండాలు పెట్టుకుంటూ వెళ్ళాను. ఏం కోరుకోవాలో కూడా సరిగ్గా తెలీలేదు. ఈయన పరువు పోకూడదు, అంతే.

షెడ్డు గుర్తుపట్టలేనట్టుంది. నేల మీద తివాచీ, చెవులకి పెట్టుకునే డిప్పలు, ఒక్కొక్కరి పక్కన ఒక్కో తెర. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పాత రివాల్వర్ కాల్చారు. వాళ్ళ పిస్తోళ్ళతో అయితే చుక్కలన్నీ నడిమధ్యన ముద్దగా పడతాయి. దీనితో ఒకటి ఆకాశంలో, ఒకటి పాతాళంలో. ట్రిగ్గర్ బండరాయిలా ఉందని ఒకడు, పిడి చేతికి సరిపోలేదని ఇంకొకడు, గురిచూసే ముల్లు మరీ సన్నమని మరొకడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వరస. నాకు లోపల భయంగా ఉన్నా, అది చూసి కొంచెం హాయిగానే అనిపించింది.

తర్వాత కోచ్ కాల్చింది. తొందర లేదు, ఒక్కొక్క గుండుకీ చెయ్యి దించి, సేదదీర్చుకుని మళ్ళీ ఎత్తింది. ఆరూ నల్లచుక్క లోపలే పడ్డాయి. వెనక్కి తిరిగి, "చూశారుగా. కొత్త పిస్తోలుకీ దీనికీ తేడా వేలెడే. నెలరోజులు దీనితోనే సాధన చేస్తే అదీ ఉండదు. ఆ కాలం వాళ్ళకి ఉన్నది ఇదొక్కటే, రోజూ దీనితోనే కాల్చేవాళ్ళు" అంది.

"సరే, ఇప్పుడు చెయ్యి పక్కన పెడదాం" అని, రివాల్వర్‌ని బల్లకి బిగించిన ఇనుప పట్టులో పెట్టి మరలు తిప్పింది. యంత్రం ముందు పాత రకం అట్ట కూడా తగిలించింది. రివాల్వర్‌లో తూటాలు పెట్టే చక్రానికి ఆరు అరలుంటాయి. అందులో ఒక అర మీద ఆకురాయితో గీసిన గాటుంది. పోటీల్లో ఎప్పుడూ ఆ గాటు ఉన్న అరతోనే మొదలుపెట్టడం క్లబ్బు ఆనవాయితీ. అన్నయ్య ఆ మాట చెప్తే కోచ్ కూడా అలాగే పెట్టింది.

ఒక్కటి కాల్చడం, ఆగడం, దుర్భిణిలోంచి అట్టని చూడడం. మొదటిది నడిమధ్యన. రెండోది దాన్ని ఆనుకుని. మూడోది కుడిపక్కకి, కాస్త కిందగా, విడిగా పడింది. నాలుగోది మళ్ళీ మధ్యన. ఐదోదీ మధ్యనే. ఆరోది కాల్చింది. దుర్భిణిలోంచి చూసింది. మళ్ళీ చూసింది.

"కొత్త చిల్లు లేదు" అంది.

పక్కన కూచున్న మా ఆయన నా ఒళ్ళో ఉన్న సంచి మీద చెయ్యి వేశారు. వెనకనుంచి ఎవరో "పోయింది, అట్టకి తగల్లేదు" అన్నారు.

"ఇనుప పట్టులో ఉన్నది ఎలా పోతుంది?" అంటూ కోచ్ తెర వైపు తిరిగింది. తెర మీద చుక్కలు ఆరు ఉన్నాయి. మూడో చుక్క మీద ఆరో చుక్క ఎక్కి కూచుంది. అచ్చం ఒకదాని మీద ఒకటి.

అట్ట మార్చి మళ్ళీ కాల్చింది. అట్ట మీద మళ్ళీ ఐదు చిల్లులే, తెర మీద మళ్ళీ ఆరు చుక్కలు. ఇంకోసారి కాలిస్తే ఆ విడి చిల్లు కొంచెం సాగి కనిపించిందంతే. అప్పుడు కోచ్ చక్రం విప్పి వెలుతురుకి పెట్టి చూసి మాకు చెప్పింది. ఆరు అరల్నీ విడివిడిగా తొలిచి చేస్తారట. ఏ రెండూ గొట్టానికి ఒకేలా ఎదురు రావట. దాంతో ఒక్కో అర గుండుని ఒక్కో చోటికి పంపుతుంది. ఈ రివాల్వర్‌లో మూడో అరా ఆరో అరా మాత్రం రెండూ ఒకచోటికే పంపుతున్నాయి. ఒక కడుపున పుట్టిన ఆరుగురికీ ఆరు బుద్ధులున్నా, ఇద్దరు మాత్రం ఒకే తిక్క తెచ్చుకున్నట్టన్నమాట. ఆరూ గబగబా కాల్చేసి అట్ట తెచ్చుకునే వాళ్ళకి ఏ చిల్లు ఏ అరదో ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళూ అందరూ చెయ్యి గురించీ కన్ను గురించీ కొట్టుకున్నారు గానీ, ఆ చక్రాన్ని అడిగినవాడు లేడు. దానికి స్ప్రింగేసిన మా ఆయనా అడగలేదు.

ఆ మాటలేవీ అన్నయ్య వింటున్నట్టు లేదు. మొదటి అట్ట తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నడిమధ్యన నాలుగు, కుడిపక్కన కిందగా ఒకటి. ఎన్నేళ్ళుగా బల్లల మీద నీళ్ళతో గీశాడో ఆ బొమ్మే. వేలితో ఒక్కో చిల్లూ తడుముతున్నాడు. "ఆ రోజు బావ అట్ట అచ్చం ఇదే" అని కోచ్‌కి చూపించాడు.

మా ఆయన కోచ్‌ని అడిగారు. "కానీ ఆరోదానికి నా చెయ్యి కదిలింది తల్లీ. నాకు బాగా గుర్తు."

"కదిలే ఉంటుంది బాబాయిగారూ, గుండు వెళ్ళిపోయాక. అందరికీ కదులుతుంది. మొదటి ఐదింటికీ కదిలే ఉంటుంది, తర్వాత గుండు మీద ధ్యాసతో మీరు మర్చిపోయుంటారు. ఆరోదాని తర్వాత ఇంకోటి లేదు, అందుకని అది మనసులో ఉండిపోయింది. ముందే కదిలి ఉంటే ఆరోది ఆ చిల్లులోంచి వెళ్ళదు. ఈ అట్ట ఇనుప పట్టు కాల్చింది. ఆ రోజు ఇలాంటిదే మీ చెయ్యి కాల్చింది."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచీ తుడిచీ ఆపలేదు. నేను కళ్ళజోడు తీసుకుని నా కొంగుతో తుడిచి పెట్టాను. గుండె మీదనుంచి బండ దింపినట్టుందంటారు కదా, ఆ మాట నేను ఎన్నిసార్లు వాడి ఉంటానో. అసలు అర్థం ఆ నిమిషంలో తెలిసింది. నాకు కూడా ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

అప్పుడు అన్నయ్య లేచాడు. "బావా, ఒక మాట చెప్పనా" అన్నాడు. "పైకి నవ్వులాటగానే అన్నాను. లోపల మాత్రం ఆ కప్పు నాదే అనుకున్నా, ఇన్నేళ్ళూ. నీకు ఇచ్చేశారని మండేది. ఆ మంట చల్లారకే అన్నిసార్లు గీశా."

"నాకు తెలుసు" అన్నారు మా ఆయన. "నేనూ అదే అనుకున్నా, నీదేనని."

"తెలిసి గోడ ఇచ్చావా?"

"ఊఁ."

అన్నయ్య చేతిలోని అట్ట కుర్చీ మీద పెట్టి, "నేను నిజంగానే ఓడిపోయాను బావా" అన్నాడు. "అన్యాయంగా ఓడించారని రోజూ రగలడం కంటే ఇదే సుఖంగా ఉంది. ఎంత సుఖంగా ఉందో నీకు చెప్పలేను."

"నేను ఇంతకంటే సుఖంగా ఉన్నా" అన్నారాయన.

నేను ఉండబట్టలేక సంచి తీసి అన్నయ్య చేతిలో పెట్టాను. "నీకిచ్చేద్దామని తోమి మరీ తెచ్చారు మహానుభావులు. చూడు." అన్నయ్య కప్పు బయటికి తీశాడు. అన్నేళ్ళలో దాన్ని అతను తాకడం అదే మొదలు. అటూ ఇటూ తిప్పి చూసి, రెండు చేతులతో మా ఆయనకి అందించాడు. "తీసుకో. ఈసారి నేనిస్తున్నా" అన్నాడు. కొత్తవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రోజు షెడ్డు బయట కొట్టిన చప్పట్ల మీద నాకు మిగిలిన అనుమానం కూడా అప్పుడే పోయింది. గోడ సంగతి తర్వాత చూసుకుందామని అన్నయ్యతో అక్కడే చెప్పాను. వదిలేదాన్ని కాదు కదా.

అందరూ టీలు తాగుతూ సద్దుకుంటుంటే ఆయన నెమ్మదిగా కోచ్ దగ్గరికి వెళ్ళారు. "ఆ కొత్త పిస్తోలు ఒకసారి ఇస్తావా తల్లీ" అన్నారు.

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ పెళ్ళికాని పిల్ల మాత్రం ఏమీ వింతపోలేదు. చెవులకి డిప్పలు పెట్టి, ఒక్క తూటా వేసి ఇచ్చింది. ఆయన గీత దగ్గర నిలబడ్డారు. ఎడంచెయ్యి జేబులో పెట్టుకున్నారు. కుడిచెయ్యి బారుగా చాచారు. మునుపటి చెయ్యి కాదది. నిలకడ లేదు, నాకు కుర్చీలోంచే కనిపిస్తోంది. వద్దండీ, ఇప్పుడు తప్పితే మళ్ళీ మొదలని అరవాలనిపించింది. అన్నయ్య కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కాల్చారు.

తెర మీద ఏమీ రాలేదు. కోచ్ మీట నొక్కి చూసింది. తెర ఖాళీగానే ఉంది. కొత్తవాళ్ళు ఎటు చూడాలో తెలీక కాళ్ళ వైపు చూసుకుంటున్నారు.

ఆయన డిప్పలు తీసి మా వైపు తిరిగారు. మొహం నిండా నవ్వు. పళ్ళు కనిపించేలా ఆయన నవ్వడం నేను మర్చేపోయాను.

"తప్పింది బావా" అన్నారు, అందరికీ వినపడేలా. "అట్టకే తగల్లేదు, పూర్తిగా తప్పింది."

ఆ మాట అని, ఇంకో తూటా కోసం కోచ్ వైపు చెయ్యి చాపారు.